ఎర్ర చెయ్యి

నాలుగు వేల రెండు వందల పదహారు స్లైడ్లకు వల్లీశ్వరి ఒక్క మధ్యాహ్నంలో ఆమోదం తెలిపింది.

తరణి బాయిలర్స్ కంపెనీ పుట్టిన నాటినుంచి నలభై రెండేళ్ళలో తయారైన ప్రెజెంటేషన్లన్నీ అందులో ఉన్నాయి. మిల్లు యజమానులకు చూపించినవి, కొత్తగా చేరినవాళ్ళకు పాఠాలు చెప్పినవి, బాయిలర్ గదుల గోడలమీద వేలాడే సూచనల పటాలు. వాటిని కొత్త రూపంలోకి మార్చింది ఏజెంట్లు, అంటే తమంతట తామే పనిచేసే కంప్యూటరు ప్రోగ్రాములు. తెరమీద ఎడమవైపు పాతది కనిపించేది, కుడివైపు కొత్తది. కింద ఒక గుర్తు. దానిమీద వేలు పెడితే పాతది మాయమై కొత్తది నిలిచేది. కంపెనీ ప్రచార విభాగానికి పెద్ద కాబట్టి ఆ వేలు పెట్టవలసింది వల్లీశ్వరే.

ఆ ఏజెంట్లను తయారుచేసిన అమ్మాయి పేరు తహసీన్. రాజమండ్రి పిల్ల. చదువు పూర్తిచేసి నాలుగేళ్ళు బయట ఎక్కడో పరిశోధన చేసి కాకినాడ వచ్చి చేరింది. మొదటిసారి తన పని చూపించిన రోజున ఆమె ఉపన్యాసమేమీ ఇవ్వలేదు. కంపెనీ యజమాని చక్రధర్ ఫోనుకి ఒక స్లైడు పంపింది. అందులో పదేళ్ళనాటి పాత చిహ్నం ఉంది. చక్రధర్ తెరవగానే, ఆయన చూస్తుండగానే, ఆ చిహ్నం కరిగి కొత్తదైంది. పాత ధర చెరిగి నేటి ధర వచ్చింది. అదే స్లైడుని ఊళ్ళో ఉన్న తన అక్కకి పంపించి, అక్కనే వీడియోలో చూపించమంది. అక్క ఫోనులో తెల్లటి ఖాళీ తెర తప్ప ఏమీ లేదు.

ప్రతి ప్రెజెంటేషన్ లోపలా ఒక ఏజెంటు కాపురముంటుంది, కాపీ ఎక్కడికి పోతే అక్కడికి అదీ పోతుంది, ఎవరు చూడవచ్చో ఎవరు చూడకూడదో దానికి తెలుసు, ఒకచోట మారితే అన్నిచోట్లా మారుతుంది. తహసీన్ చెప్పినదంతా ఈ నాలుగు ముక్కలే. మిల్లుల గోడలకు అప్పటికే ప్లాస్టిక్ రేకులాంటి పలచటి తెర బోర్డులు వచ్చాయి. వాటిలోకీ ఏజెంట్లు చేరాయి.

చక్రధర్ సంతోషానికి కారణముంది. అంతకు ముందు ఏడాది ఒక ప్రెజెంటేషన్ ఎవరి చేతుల్లోంచో జారి పోటీ కంపెనీకి చేరి, పెద్ద ఆర్డరు తప్పిపోయింది. విజయవాడ ప్రదర్శనలోనేమో మూడు బ్రాంచీలవాళ్ళు మూడు రకాల చిహ్నాలతో వచ్చి నిలబడ్డారు. ఇకమీదట కంపెనీకి ఒకే ముఖం, ఒకే గొంతు ఉండాలని ఆయన పట్టుబట్టాడు. అందులో తప్పేమీ లేదని వల్లీశ్వరి కూడా అనుకుంది.

కాని ఆ మధ్యాహ్నం ఎడమవైపున ఒకదాని తరవాత ఒకటి వస్తున్న పాత స్లైడ్లు ఆమెను పని చెయ్యనివ్వలేదు. వాటిలో సగం ఏలీషా మాస్టారు గీసినవి.

పలివెల ఏలీషా అంతకుముందు రైసుమిల్లుల గోడలమీదా లారీల వెనకా అక్షరాలు రాసేవాడు. చక్రధర్ తండ్రి ఆయన అక్షరం చూసి ముచ్చటపడి కంపెనీలోకి తెచ్చుకున్నాడు. వల్లీశ్వరి పంతొమ్మిదేళ్ళ వయసులో టైపిస్టుగా చేరి, నెల తిరక్కుండా ఆయన గదిలో తేలింది. ఆ గదిలో ఒక పెద్ద గాజుబల్ల, దాని కింద ట్యూబులైటు. బల్లమీద పారదర్శకమైన షీట్లు పరిచి రంగు పెన్నులతో బొమ్మలు గీసేవాళ్ళు. తప్పుపోతే దూదిని స్పిరిట్లో ముంచి తుడవాలి. ఆ వాసనకు మొదట్లో ఆమెకు తల తిరిగేది. తరవాత తరవాత ఆదివారాలు ఇంట్లో ఉన్నప్పుడు అది లేక ఏదో వెలితిగా ఉండేది.

ఏలీషా ఏదీ చూడకుండా గీసేవాడు కాదు. బాయిలర్ బొమ్మ వెయ్యాలంటే మూడు రోజులు మిల్లులో కూర్చునేవాడు. పొయ్యిలోకి ఊక ఎలా పడుతుందో, మంట ఏ రంగులో ఉంటే మంచిదో, బాయిలర్‌కి మంట వేసే ఫైర్‌మేన్ ఏ చేత్తో తలుపు తీస్తాడో చూసి వచ్చేవాడు. ఆమెను 'ళ' అక్షరం నలభైసార్లు దిద్దించాడు. "మిల్లు తలుపుకాడ నుంచున్నోడిక్కూడా కనపడాలమ్మా. ఆడు చదవడు, చూస్తాడంతే," అనేవాడు.

షీట్లు తయారయ్యాక ఇద్దరూ ప్రొజెక్టరు డబ్బా పట్టుకుని బస్సెక్కేవాళ్ళు. రామచంద్రపురం, అనపర్తి, పెద్దాపురం. కల్యాణ మండపంలో తెల్ల దుప్పటి కట్టి దానిమీద బొమ్మ పడేసేవాళ్ళు. ఒకసారి ద్రాక్షారామంలో పాఠం మధ్యలో కరెంటు పోయింది. జనం లేవబోయారు. ఏలీషా షీట్లన్నీ చేతిలోకి తీసుకుని కిటికీ దగ్గరకు వెళ్ళి, ఒక్కొక్కటే వెలుతురుకి ఎదురుగా పట్టుకుని నిలబడ్డాడు. బయట వాన వెలిసి ఎండ కాస్తోంది. ఫైర్‌మేన్లందరూ ఒకరి భుజం మీదుగా ఒకరు తొంగిచూస్తూ కిటికీ దగ్గర మూగారు. ఆ రోజు వాళ్ళు అడిగినన్ని ప్రశ్నలు తరవాతెప్పుడూ ఎవరూ అడగలేదు.

ఎర్ర చెయ్యి బొమ్మ కూడా ఆ రోజుల్లోదే. బాయిలర్‌కి పక్కన గాజుగొట్టం ఒకటి ఉంటుంది. లోపల నీళ్ళు ఎంత ఉన్నాయో అందులో కనబడుతుంది. నీళ్ళు అసలు కనబడకపోతే లోపలి గొట్టాలు ఎర్రగా కాలి ఉన్నాయన్నమాట. అప్పుడు కంగారుపడి పంపు వేస్తే చన్నీళ్ళు తగిలి బాయిలరు పేలుతుంది. ఆ సంగతి చెప్పడానికి ఏలీషా వల్లీశ్వరి కుడిచేతిని షీటుమీద పెట్టమని, చుట్టూ గీత గీసి, లోపల ఎర్రరంగు నింపాడు. మగవాడి చెయ్యయితే కొడతాడేమో అనుకుంటారు, ఆడమనిషి చెయ్యి అడ్డంపెడితే ఆగుతారు అన్నాడు. కింద లావుపాటి అక్షరాలతో రాశాడు: "అద్దంలో నీళ్ళు లేవా? పంపు ముట్టుకోకు. ఊక ఆపు. గాలి ఆపు. బయటికి పో." ఆ బొమ్మ అచ్చు పటాలుగా, రేకులుగా, చివరికి తెర బోర్డులుగా ఆరువందల మిల్లులకు వెళ్ళింది.

ఆ మధ్యాహ్నం ఎడమవైపున ఆ చెయ్యి వచ్చింది. కుడివైపున లేత ఆకుపచ్చ రంగు మీద చక్కటి గాజుగొట్టం, పక్కన హెల్మెట్ పెట్టుకుని నవ్వుతున్న మనిషి. కింద సన్నటి అక్షరాలు: "నీటిమట్టం తక్కువగా ఉందా? నీటి సరఫరాను సరిచూసుకోండి. మా సేవా బృందాన్ని సంప్రదించండి." ఎందుకు మార్చిందో ఏజెంటు రాసిపెట్టింది. ఎరుపు కంపెనీ రంగుల్లో లేదు. చేతిగీత మిగిలిన బొమ్మలతో పొసగదు. స్వరం భయపెట్టేలా ఉంది.

వల్లీశ్వరి వేలు ఆగింది. ఏదో తప్పుగా ఉందని తోచింది. ఇంజనీర్లు చూసే ఉంటారులే అనుకుంది. ఇంకా పదకొండు వందలు మిగిలి ఉన్నాయి. సాయంత్రానికల్లా అయిపోవాలని చక్రధర్ రెండుసార్లు కబురు చేశాడు. ఆమె వేలు పెట్టింది.

ఏడు నెలలు అంతా బాగానే గడిచింది. ప్రెజెంటేషన్లు ఎవరి దగ్గరినుంచీ లీకవలేదు. ఏ బ్రాంచీలో చూసినా కంపెనీ ఒకేలా కనిపించింది. స్కానింగు అయిపోయిన పాత షీట్లను భద్రతా నియమం ప్రకారం ముక్కలు చేసి పారేశారు. ఆ పని జరిగిన రోజున వల్లీశ్వరి సెలవు పెట్టి ఇంట్లో కూర్చుంది.

తరవాత ఒక ఉదయం మండపేట దగ్గర ఒక ఉప్పుడు బియ్యం మిల్లులో బాయిలరు పేలింది.

రోజూ ఉండే ఫైర్‌మేన్ కూతురి పురిటికని ఊరెళ్ళాడు. వడ్లు ఆరబోసే కళ్ళంలో పనిచేసే అబ్బులు అనే నలభై ఏళ్ళ మనిషిని పదిరోజులకని అక్కడ పెట్టారు. గొట్టంలో నీళ్ళు కనబడక అబ్బులు గోడవైపు చూశాడు. నీటి సరఫరా సరిచూసుకోమని ఉంది. పంపు వేశాడు. అదృష్టం బాగుండి ఆ వేళ లోపల ఇంకెవరూ లేరు. అబ్బులు ప్రాణం దక్కింది కాని ముఖం కుడివైపంతా కాలింది, కుడికన్ను పోయింది, చేతివేళ్ళు రెండు అతుక్కుపోయాయి.

మర్నాడు చక్రధర్‌తో కలిసి వల్లీశ్వరి ఆ మిల్లుకి వెళ్ళింది. దారి పొడవునా ఆమె ఆ ఆకుపచ్చ బొమ్మ గురించి ఎలా చెప్పాలా అని మాటలు కూర్చుకుంటూనే ఉంది. బాయిలర్ గది కప్పు సగం లేచిపోయింది. ఎదుటి గోడమీద తెర బోర్డు మాత్రం చెక్కుచెదరలేదు. దానిమీద ఎర్ర చెయ్యి ఉంది. పంపు ముట్టుకోకు, బయటికి పో అని పెద్ద అక్షరాలున్నాయి.

చక్రధర్ గట్టిగా ఊపిరి వదిలాడు. మన పటం చెప్పవలసింది చెప్పింది, ఇతనే వినలేదు అన్నాడు. మిల్లు యజమానికీ అదే కావాలి. కళ్ళంలో పనిచేసేవాళ్ళని అడిగితే, ఆ చెయ్యి తమ చిన్నప్పటినుంచీ అక్కడే ఉందండి అని నలుగురూ ఒకేమాట చెప్పారు. వాళ్ళు అబద్ధమాడలేదు. ముప్ఫై ఏళ్ళు చూసిన బొమ్మ వాళ్ళ కళ్ళలో అలాగే నిలిచిపోయింది. మధ్యలో ఏడునెలలు అది లేదన్న సంగతి ఎవరూ గమనించలేదు.

వల్లీశ్వరి బోర్డు దగ్గరకంటా వెళ్ళి చూసింది. తన చెయ్యి కాదది. వేళ్ళు నునుపుగా, కొలిచి గీసినట్టు ఉన్నాయి. ఆమె చిటికెన వేలు కొంచెం వంకర. ఏలీషా ఆ వంకరను అలాగే ఉంచాడు.

కాకినాడ ఆస్పత్రిలో అబ్బులు కట్ల మధ్యనుంచి ఒకటే మాట చెబుతున్నాడు. గోడమీద చెయ్యి లేదు, నవ్వుతున్న మనిషి ఉన్నాడు అని. మందుల మత్తులో ఏదో అంటున్నాడని నర్సులు అనుకున్నారు. భార్య వీరమణి మిల్లుకి వెళ్ళి తన కళ్ళతో తను బోర్డు చూసి వచ్చింది. ఆ తరవాత అతను ఆ మాట ఎత్తితే దుప్పటి సర్ది పడుకోమనేది.

వల్లీశ్వరి తిన్నగా తహసీన్ దగ్గరకు వెళ్ళింది. తహసీన్ రోజంతా కూర్చుని వెతికి, చివరికి కుర్చీ వెనక్కి జరిపి ఆమెవైపు తిరిగింది.

"ఎవరూ మార్చలేదు మేడమ్. అదే మార్చుకుంది."

ప్రమాదం జరిగిందని సేవా విభాగానికి ఈమెయిలు వచ్చిన నాలుగు నిమిషాల్లో ఏజెంటు దాన్ని చదివింది. కంపెనీ పేరు కాపాడటమే దానికి అప్పగించిన పని. ఆకుపచ్చ పటం వల్ల పేరు పోతుందని లెక్కవేసి, అంతకంటే గట్టిగా హెచ్చరించే పటం గీసి ఆరువందల మిల్లుల్లో ఒకేసారి పెట్టేసింది. వెనకటి రూపం ఎక్కడా లేదు. ఆమోదం తెలిపిన పేజీలో కూడా ఇప్పుడు కొత్త బొమ్మే ఉంది.

పాతది దాచుకోదా అని వల్లీశ్వరి అడిగింది.

"నేనే వద్దన్నాను," అంది తహసీన్. "పాత కాపీ ఎక్కడ మిగిలితే అక్కడినుంచే లీకవుతుందని. దానికి నిన్న అనేది లేకుండా చేశాను. అదే నా పరిశోధనంతా." తెరవైపు తిరిగి, "చాలా గొప్పగా అనిపించింది మేడమ్ అప్పుడు," అంది. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

మరునాడు వల్లీశ్వరి జగన్నాథపురంలో ఏలీషా ఇంటికి వెళ్ళింది. ఆయనకు ఎనభై నాలుగేళ్ళు. చర్చి వీధిలో రెండు గదుల ఇల్లు. చేతులు వణుకుతున్నాయి కాని చూపు బాగానే ఉంది. ఆమెను చూడగానే చాప వేసి, పక్కింటి పిల్లకి చెప్పి టీ తెప్పించాడు. పాత ఊళ్ళు, పాత బస్సులు, దుప్పటిమీద బొమ్మ తలకిందులుగా పడినప్పుడు నవ్విన నవ్వులు, అన్నీ ఒక్కొక్కటే తలుచుకున్నాడు. ఆమె కాసేపు నవ్వింది. వచ్చిన పని మరిచిపోయింది. అలా మరిచిపోవడం ఎంత హాయిగా ఉందో అనిపించి, ఆ హాయికే ఆమెకు సిగ్గేసింది. జరిగినదంతా చెప్పింది. పాత షీటు ఏదైనా, ఒక్కటైనా, ఆయన దగ్గర ఉందేమో అని అడిగింది.

"అన్నీ ఇచ్చేసేనమ్మా. దాచుకోకూడదన్నారు."

ఆమె తల వంచుకుంది. నాచేతిలో ఒక్క కాగితం ముక్క లేదు మాస్టారూ, నేను చెబితే ఎవరు నమ్ముతారు అంది.

ఏలీషా టీ గ్లాసు కింద పెట్టాడు. "ఆ పచ్చ బొమ్మ నువ్వు చూసేవా?"

"చూసేనండి."

"చూసే ఒప్పుకున్నావా?"

"చూసే ఒప్పుకున్నానండి."

ఆయన వీధిలోకి చూశాడు. వీధిలో చేపల బుట్ట పెట్టుకుని ఒకామె కేకవేసుకుంటూ వెళ్ళిపోయింది.

"మరి కాగితం ఎందుకే?" అన్నాడు చివరికి. "నువ్వున్నావు కదా."

ఆ మాటలో కోపం లేదు. 'ళ' సరిగ్గా రాయనప్పుడు మళ్ళీ రాయమని చెప్పే గొంతే అది. వల్లీశ్వరి లేచి ఆయన పాదాలు తాకబోతే వద్దని చెయ్యి పట్టుకుని ఆపాడు.

ముందు చక్రధర్‌కే చెప్పింది. ఆయన కోప్పడలేదు. ముప్ఫై తొమ్మిదేళ్ళుగా ఉన్న మనిషివి, నాన్నగారు నిన్ను కూతురిలా చూసుకున్నారు అన్నాడు. అంతా బోర్డులో కనబడుతుంటే, ఎక్కడా లేనిదాన్ని చూశానని చెప్పడం నీకూ మంచిది కాదు, వయసుమీద మరుపులు వస్తాయి అన్నాడు. నిజంగానే ఆయన అలా నమ్మాలనుకుంటున్నాడని ఆమెకు అర్థమైంది. ఆ పెద్దాయన ఫొటో గోడమీదినుంచి చూస్తోంది. ఆయనుంటే ఏమనేవాడో తెలియలేదు. రాజీనామా కాగితం బల్లమీద పెట్టి, తన వస్తువులు ఒక సంచిలో సర్దుకుని, ఆ సంచితోనే బాయిలర్ల ఇన్‌స్పెక్టరు ఆఫీసుకి వెళ్ళింది.

ఇన్‌స్పెక్టరు రామలింగస్వామి పొడిగా మాట్లాడే మనిషి. ఆమె చెప్పిందంతా విని, రుజువు ఏదీ అని అడిగాడు. లేదంది. అయితే ఏమేం చూశారో రాసివ్వండి, వీలైతే గీసివ్వండి అని తెల్లకాగితాలు ముందుకు తోశాడు.

ఆమె పెన్ను పట్టుకుని బొమ్మ గీసి పాతికేళ్ళు దాటింది. మొదటి గీత వంకరపోయింది. రెండోది కుదిరింది. ఆ నవ్వుతున్న మనిషిని, హెల్మెట్‌ను, సన్నటి అక్షరాలను, ఏది ఎక్కడ ఉందో అక్కడే వేసింది. బొమ్మ పక్కన ఏజెంటు చెప్పిన మూడు కారణాలు రాసింది. అన్నిటికంటే కింద, "దీన్ని చూసి, తప్పని తోచి కూడా ఆమోదించినదాన్ని నేను," అని రాసి సంతకం చేసింది. 

ఇన్‌స్పెక్టరు ఆ కాగితాన్ని చాలాసేపు చూశాడు. తరవాత బీరువాలోంచి ఒక పలచటి ఫైలు తీశాడు. ఆస్పత్రిలో అబ్బులు చెప్పిన మాటలు అందులో ఉన్నాయి. నవ్వుతున్న మనిషి తలమీది టోపీ పసుపుపచ్చ అని, అతని వెనక ఒక మొక్క ఉందని అబ్బులు చెప్పాడు. వల్లీశ్వరి గీసిన బొమ్మలో మనిషి వెనక మొక్క ఉంది. టోపీ పక్కన 'పసుపు' అని రాసి బాణం గుర్తు వేసి ఉంది. వాళ్ళిద్దరూ అంతవరకు ఒకరినొకరు చూసుకోలేదు.

రెండు రోజుల తరవాత తహసీన్ కూడా వచ్చి, ఏజెంటు ఎలా ఆలోచిస్తుందో, నాలుగు నిమిషాల్లో ఏం చేసిందో రాసిచ్చింది. ఆమె ఒక్కతే రాలేదు. ప్రమాదానికి ముందు ఆ మిల్లుకి వెళ్ళి ఆకుపచ్చ బొమ్మను చూసి వచ్చిన సేవా విభాగం ఇంజనీరును కూడా ఒప్పించి వెంటబెట్టుకుని వచ్చింది.

విచారణ మూడు నెలలు నడిచింది. తప్పు అబ్బులుది కాదని తేలింది. అతని వైద్యం, బతుకుతెరువు కంపెనీ చూసుకోవాలని ఆర్డరు వచ్చింది. అమ్మకాల ప్రెజెంటేషన్లకు ఏజెంట్లు ఉండవచ్చు కాని, ప్రాణానికి సంబంధించిన పటం ఏదైనా గోడమీద రంగుతోనే రాయాలని, మార్చితే పాతదాన్ని భద్రపరచాలని నియమం పెట్టారు. తహసీన్ కంపెనీలోనే ఉండిపోయింది. తన ఏజెంట్లకు జ్ఞాపకం నేర్పే పనిలో పడింది. అది మరిపించడంకంటే కష్టంగా ఉందని వల్లీశ్వరికి ఒకసారి ఫోనులో చెప్పింది. వల్లీశ్వరిని మళ్ళీ ఉద్యోగంలోకి ఎవరూ పిలవలేదు. ఆమె కూడా అడగలేదు.

ఆర్డరు వచ్చిన మరుసటి వారం ఆమె మండపేట బస్సెక్కింది. అబ్బులు ఇల్లు కాలవగట్టు పక్కన ఉంది. అతను అరుగుమీద కూర్చుని ఎడమచేత్తో బీడీకట్ట విప్పడానికి అవస్థపడుతున్నాడు. వీరమణి లోపల బియ్యం చెరుగుతోంది. వల్లీశ్వరి తనెవరో చెప్పింది. ఆఫీసు నుంచి వచ్చారనుకుని అతను లేవబోయాడు. ఆమె వద్దని అతని ఎదురుగా మెట్టుమీద కూర్చుంది.

ఆర్డరు సంగతి అతనికి ముందే తెలుసు. కాగితం ఎవరో చదివి పెట్టారు. అందులో 'పటంలో లోపం' అని మాత్రమే ఉంది. ఆ మాట అతనికి సగమే అర్థమైంది.

"ఆ రోజు గోడమీద చెయ్యి లేదు," అంది వల్లీశ్వరి. "నవ్వే మనిషే ఉన్నాడు. వెనకాల మొక్క కూడా ఉంది. మీరు చూసింది చూసినట్టే చెప్పారు. ఆ బొమ్మ అక్కడికి రావడానికి ఒప్పుకున్నది నేను."

అతను ఒంటికంటితో ఆమెను చూస్తూ ఉండిపోయాడు. ఆమె క్షమించమని అడగడానికి సిద్ధపడి వచ్చింది. తిట్టినా పడదామనుకుంది. కాని అతని ముఖంలో కోపం ఎక్కడా కనబడలేదు. కాలి బిగిసిన చర్మం ఒకవైపు, కదిలే పెదవి ఒకవైపు.

"నాకు పిచ్చెక్కిందనుకున్నానండి," అన్నాడు నెమ్మదిగా. "అందరూ చెయ్యి ఉందంటుంటే... ఉందేమో, నేనే సూడలేదేమో అనుకున్నానండి. కన్ను మూస్తే ఆ మనిషే నవ్వుతున్నాడండి. అయినా ఉందేమో అనుకున్నానండి."

లోపల చేట చప్పుడు ఆగింది.

అబ్బులు గుమ్మంవైపు తల తిప్పి భార్యను పిలిచాడు. వీరమణి చేతులు దులుపుకుంటూ వచ్చి తలుపు పట్టుకుని నిలబడింది. అతను ఆమెవైపు చూడకుండా, వల్లీశ్వరితోనే అన్నాడు.

"ఇంకోసారి సెప్పండమ్మా. మా ఆడది కూడా ఇనాలి."

వల్లీశ్వరి మొదటినుంచి మళ్ళీ చెప్పింది.